హిప్నాసిస్‌తో తగ్గితే అది అబద్ధపు నొప్పేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 44 ఏళ్ళు. మాది మంగళగిరి. ఇరవై ఏళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. ఆరేళ్ళ నుంచి నడుము నొప్పి. ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ కొంచెం ఉబ్బింది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ, మధ్యలో పసరు కట్టు, అన్నీ అయ్యాయి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. ఎవరో నా నడుముని ఫ్రేముకి బిగించి నాలుగువైపులా లాగినట్టు ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, పెళ్ళి బ్లౌజు పనిలో మునిగిపోతే రెండు గంటలు నొప్పి గుర్తే రాదు. లేచి వంటింట్లోకి వెళ్తే నిలబడలేను. “మగ్గం దగ్గర లేని నొప్పి పొయ్యి దగ్గరే వస్తుందేం?” అంటారు మావారు. విజయవాడలో ఒక హిప్నోథెరపీ సెంటర్ వాళ్ళు పది సిట్టింగులకు ముప్పై వేలు అడిగారు. పూర్తిగా పోతుందని గ్యారంటీ అట, అవసరమైతే గత జన్మలోకి కూడా తీసుకెళ్తారట. మా అబ్బాయి వెళ్ళమంటున్నాడు. నాకు రెండు భయాలు. మత్తులో ఏదేదో వాగేస్తానేమో అని ఒకటి. రెండోది అడగడానికే సిగ్గుగా ఉంది. హిప్నాటిజంతో తగ్గిందంటే ఇన్నాళ్ళూ నా నొప్పి ఉత్త మనసులోదే అని తేలినట్టేగా? ఆయన మాటే నిజమైనట్టేగా?

- ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. ఉత్తరమంతా దానికోసమే రాశారనిపించింది. కాదు, తేలినట్టు కాదు. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని ఒక్కసారి 1845లో బెంగాల్‌కి తీసుకెళ్ళాలి.

హుగ్లీలో జేమ్స్ ఎస్‌డేల్ అని ఒక స్కాట్లాండ్ సర్జన్ ఉండేవాడు. అప్పటికి ఈథరూ లేదు, క్లోరోఫామూ లేదు. రోగిని నలుగురు పట్టుకుంటే డాక్టరు కోసేవాడు, అంతే. ఆ ఏడాది ఏప్రిల్ 4న, వరిబీజం ఆపరేషన్ తర్వాత నొప్పితో మెలికలు తిరుగుతున్న ఒక ఖైదీ మీద ఎస్‌డేల్ మెస్మరిజం, అంటే హిప్నాసిస్‌కి పాత రూపం, ప్రయత్నించాడు. పుస్తకాల్లో చదివిందే తప్ప అంతకుముందు తను చేసి చూసింది లేదు. ఆ మనిషి కదలకుండా ఉండిపోయాడు. తర్వాతి కొన్నేళ్ళలో ఎస్‌డేల్ ఇలా వందల ఆపరేషన్లు చేశాడు. బోదకాలు జబ్బుతో వృషణాల దగ్గర పెరిగిన పెద్దపెద్ద కణితులు కూడా కోసి తీశాడు. 1846లో కలకత్తాలో దీనికోసం ఒక చిన్న ఆసుపత్రే పెట్టారు. ఇది అందరికీ పనిచేయలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ ముందు కొందరు రోగులు కదిలారు, ముఖం చిట్లించారు. పైగా ఆ ఖైదీలనూ పేదలనూ ‘మీకు ఇష్టమేనా’ అని ఎంతమాత్రం అడిగి ఉంటారో నాకు అనుమానమే. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి ఆపరేషన్ చేసి చూపించారు. దాంతో వైద్యులకు మెస్మరిజంతో పని లేకుండా పోయింది. అది వేదికల మీదికి, గారడీ వాళ్ళ చేతుల్లోకి పోయింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఎస్‌డేల్ చేతిలో ఉన్న కత్తి ఊహ కాదు. కోసింది నిజం, రక్తం నిజం, కణితి నిజం. అయినా కొందరికి నొప్పి తెలియలేదు. దాన్నిబట్టి ఆ కోత అబద్ధమని ఎవరైనా అంటారా? మీ నడుము విషయమూ అంతే. ఒక ఉపాయానికి నొప్పి తగ్గిందంటే ఆ ఉపాయం పనిచేసిందని అర్థం. అంతకుమించి అందులోంచి ఏమీ తీయకూడదు.

మన తెలుగులో రెండు మాటలున్నాయి, నొప్పి అనీ బాధ అనీ. రోజూ కలిపేసి వాడతాం కానీ రెండూ ఒకటి కాదు. నడుములో సూది పెట్టి పొడిచినట్టుండేది నొప్పి. ‘అయ్యో, ఇవాళ కూడా మొదలైంది, పిండి ఎలా రుబ్బాలి, ఈ బతుకంతా ఇంతేనా’ అనిపించేది బాధ. 1997లో మాంట్రియల్‌కి చెందిన పియర్ రెయిన్‌విల్, ఆయన తోటి పరిశోధకులు ఈ రెంటినీ విడదీసి చూశారు. కొందర్ని హిప్నాసిస్‌లోకి తీసుకెళ్ళి, చెయ్యి 47 డిగ్రీల వేడినీళ్ళలో పెట్టించారు. నీళ్ళ వేడి మార్చలేదు. ‘ఇది అంత చిరాకుగా లేదు’ అని ఒకసారి, ‘చాలా చిరాకుగా ఉంది’ అని ఒకసారి చెప్పి మెదడుని స్కాన్ చేశారు. ఒంట్లో ఎక్కడ, ఎంత అని కొలిచే మెదడు భాగంలో పెద్ద మార్పు లేదు. బాధకు సంబంధించిన యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్‌లో మాత్రం మార్పు స్పష్టంగా కనిపించింది. 2001లో అదే బృందం తను ఇచ్చే సూచనను మార్చి చూసింది. చిరాకు సంగతి వదిలేసి ‘నొప్పే తక్కువగా ఉంది’ అని సూచించారు. అప్పుడు కొలిచే భాగంలోనే మార్పు వచ్చింది. అంటే ఏ మాట చెబితే మెదడులో ఆ మాటకు తగ్గ చోట పని జరిగింది. ఇవి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు మీ డిస్క్ సంగతి. ‘ఉబ్బింది’ అన్న మాట విని భయపడి ఉంటారు. ఏ నొప్పీ లేని మనుషుల్ని స్కాన్ చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కలు కట్టారు. 40 ఏళ్ళ వాళ్ళలో సగం మందికి డిస్క్ ఉబ్బే ఉంది, వాళ్ళకు ఆ సంగతే తెలియదు. అందుకని మీ నొప్పికీ ఆ ఫిల్ముకీ సంబంధం లేదని నేను అనను. ఆ ఫిల్ము ఒక్కటే మొత్తం కథ కాదంటున్నాను. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యంలో దీర్ఘకాలిక నొప్పి కింద వేరుగా లెక్కేస్తారు. మీది ఆరేళ్ళది. ఇన్నేళ్ళు అదే కబురు మోసీ మోసీ నరాలూ మెదడూ దానికి మరీ అలవాటుపడిపోతాయి. చిన్న కదలికకు కూడా పెద్ద గంట కొడతాయి. ఇది మనసు బలహీనత కాదు. ఎవరి నరాలైనా చేసేది అదే.

మరి మగ్గం దగ్గర నొప్పి ఎందుకు తెలియదు? ఈ ఒక్క పేరా మీవారికి చదివి వినిపించండి. ఆరీ సూది కుచ్చి, గుడ్డ కింద ఎడమచేత్తో దారం అందిస్తూ, కుందన్ చుట్టూ జర్దోసి తిప్పుతున్నప్పుడు మీ ధ్యాసంతా ఆ సూదిమొన మీదే ఉంటుంది. నడుము నుంచి వచ్చే కబురు వినే తీరిక మెదడుకి ఉండదు. మ్యాచ్‌లో దెబ్బ తగిలిన ఆటగాడికి ఆట అయ్యేదాకా వాపు తెలియనట్టే. వంటింట్లో అలా కాదు. చేతులు పనిచేస్తుంటాయి, మెదడు ఖాళీగా ఉంటుంది, దానికి నడుము తప్ప వినడానికి ఇంకేమీ ఉండదు. పైగా రెండు గంటలు వంగి కూర్చున్న నడుము అప్పుడే లేచి నిలబడింది, కండరాలు పట్టేసి ఉంటాయి. కాబట్టి ‘మగ్గం దగ్గర లేనిది పొయ్యి దగ్గరే వస్తుందేం’ అన్నది నిజానికి మంచి ప్రశ్నే. ఆయన దాన్ని దెప్పిపొడుపుగా వాడారు కానీ, అందులోనే మీ వైద్యం ఉంది. (పొయ్యి దగ్గర ఆయన నిలబడితే ఆయన నడుము ఏమంటుందో కూడా ఒక వారం చూడవచ్చు. అది నా సలహాలో భాగం కాదు, ఊరికే అంటున్నా.)

మీకు తెలియకుండానే మీరు ఇరవై ఏళ్ళుగా హిప్నాసిస్‌కి దగ్గరి పని ఒకటి చేస్తున్నారన్నమాట. ధ్యాసని ఒకచోట గట్టిగా నిలపడం, మిగతాదంతా వెనక్కి పోవడం. హిప్నాసిస్‌లోనూ మొదటి సగం అదే. రెండో సగం, అలా నిలిచిన ధ్యాసకి పనికొచ్చే మాట ఒకటి అందించడం.

వాగేస్తానేమో అన్న భయం మన తరం అందరిదీ. బి.వి. పట్టాభిరామ్ గారి హిప్నాటిజం ప్రదర్శనలు చూసిన వాళ్ళం, సినిమాల్లో గొలుసు ఊపగానే హీరోయిన్ కళ్ళు తేలేయడం చూసిన వాళ్ళం. వేదిక మీదికి వచ్చేవాళ్ళు తామే ముందుకొచ్చిన వాళ్ళు, అందులోంచి బాగా లోనయ్యేవాళ్ళని ఏరుకుని మిగతావాళ్ళని కిందికి పంపేస్తారు. చికిత్సలో అలాంటిదేమీ ఉండదు. కుర్చీలో కూర్చుంటారు, కళ్ళు మూసుకుంటారు. బయట ఆటో హారన్ వినిపిస్తూనే ఉంటుంది. చికిత్స చేసేవాళ్ళు చెప్పే మాటలూ వినిపిస్తాయి, తర్వాత చాలామందికి గుర్తూ ఉంటాయి. అది నిద్రా కాదు, మత్తూ కాదు. ముక్కు దురదపెడితే గోక్కుంటారు, వద్దనిపిస్తే కళ్ళు తెరిచి లేచి వచ్చేస్తారు. చెప్పకూడదనుకున్న రహస్యం మీ నోట్లోంచి లాగే శక్తి ఎవరికీ లేదు. అయితే ఇంకో ప్రమాదం ఉంది. హిప్నాసిస్‌లో ఉన్నప్పుడు ఊహకీ జ్ఞాపకానికీ మధ్య గీత చెరిగిపోవచ్చు. జరగనిది జరిగినట్టు ‘గుర్తుకు’ రావచ్చు. అందుకే గత జన్మ అన్న మాట విన్న వెంటనే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి. మీ నొప్పి ఎల్4-ఎల్5 దగ్గర ఉంది, పదిహేడో శతాబ్దంలో కాదు.

ఆ ముప్పై వేల గురించి. అమెరికాలో నడుము నొప్పి ఉన్న 100 మంది మాజీ సైనికులపై గేబ్రియల్ టాన్, ఆయన సహచరులు చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. కొందరికి స్వీయ హిప్నాసిస్ ఎనిమిది సిట్టింగుల్లో నేర్పారు. కొందరికి ఎనిమిది సిట్టింగులూ, ఇంట్లో వినడానికి రికార్డింగూ ఇచ్చారు. ఇంకొందరికి రెండే రెండు సిట్టింగులు, రికార్డింగు, వారానికోసారి గుర్తుచేసే చిన్న ఫోన్ కాల్. నాలుగో గుంపుకి హిప్నాసిస్ కాకుండా బయోఫీడ్‌బ్యాక్ అనే వేరే చికిత్స. హిప్నాసిస్ నేర్చుకున్న మూడు గుంపుల్నీ కలిపి చూస్తే నాలుగోదానికంటే నొప్పి ఎక్కువ తగ్గింది. వాళ్ళలో సగం మందికి పైగా కనీసం 30 శాతం తగ్గింది, ఆరు నెలల తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. రెండు సిట్టింగుల వాళ్ళకీ ఎనిమిది సిట్టింగుల వాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, నిజమే. కానీ పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టమనే వాళ్ళని ‘రెండిట్లో నేర్పండి, మిగతాది ఇంట్లో చేసుకుంటాను’ అని అడగడానికి మీకు ఇది చాలు.

‘పూర్తిగా పోతుంది’ అన్న గ్యారంటీని మాత్రం నమ్మకండి. 2019లో 85 ప్రయోగాలను కలిపి చూసిన ఒక సమీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ప్రయోగశాలలో నొప్పి కలిగించి చూసినవి అవి. సూచనలకు బాగా స్పందించే వాళ్ళకు నొప్పి 42 శాతం, మధ్యరకంగా స్పందించే వాళ్ళకు 29 శాతం తగ్గింది. ఏమాత్రం స్పందించని వాళ్ళకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. మనుషుల్లో ఎక్కువమంది మధ్యరకమే. ఇది తెలివికీ మనోబలానికీ సంబంధించింది కాదు, కొందరికి రాగం పట్టుబడుతుంది, కొందరికి పట్టుబడదు, అంతే. పనిలో మునిగితే నొప్పి మరిచిపోతానన్నారు కాబట్టి మీ విషయంలో నాకు కాస్త ఆశ ఉంది. నేను పందెం కాసేది మూడో వంతు తగ్గుదల మీద, అది కూడా నెలా రెండు నెలలు రోజూ చేస్తే.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? కొద్దిరోజుల కోర్సు చేసి గోడకి సర్టిఫికెట్టు తగిలించుకున్న వాళ్ళూ హిప్నోథెరపిస్ట్ బోర్డు పెట్టేస్తున్నారు. మీరు చూడాల్సింది ఆ సర్టిఫికెట్టు కాదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు అడగండి, సైకియాట్రిస్ట్ అయితే సైకియాట్రీలో ఎండీ లాంటి డిగ్రీ ఉందేమో చూడండి. అడగడానికి మొహమాటం వద్దు. పట్టుచీర కొనేటప్పుడు జరీ గీకి చూసే మనుషులం మనం. మీ నడుముకి మందులిస్తున్న డాక్టరు గారికి కూడా ఒక మాట చెప్పి వెళ్ళండి. లేని గొంతులు వినిపించడం లాంటి తీవ్రమైన మానసిక జబ్బు ఎప్పుడైనా ఉండి ఉంటే సైకియాట్రిస్టుని అడగకుండా దీని జోలికి పోవద్దు.

ఇంటి దగ్గర మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోన్లో దొరికే రికార్డింగులు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో ఉన్నవి కొన్ని వింటే నాకు జాలేస్తుంది. ‘మీ శరీరము సంపూర్ణ విశ్రాంత స్థితిలోనికి ప్రవేశించుచున్నది’ అని ఒక రికార్డింగ్ పెడితే మా క్లినిక్‌లో ఒకావిడ ఫక్కున నవ్వింది. వార్తలు చదువుతున్నట్టుందండీ అంది. మీరు ఏ మాటల్లో ఆలోచిస్తారో ఆ మాటల్లోనే ఉండాలి. అందుకే మీ రికార్డింగ్ మీరే చేసుకోండి, లేదా మీకిష్టమైన గొంతుతో, చెల్లెలో కూతురో ఉంటే వాళ్ళతో చదివించుకోండి.

ఏం చెప్పాలో మీ ఉత్తరంలోనే ఉంది. నడుముని ఫ్రేముకి బిగించి నాలుగువైపులా లాగినట్టుంటుందన్నారు. నొప్పికి ఇంత చక్కటి బొమ్మ దొరకని వాళ్ళకి మేము రెండు సిట్టింగులు ఆ వెతుకులాటకే పెడతాం. మధ్యాహ్నం భోజనమై, పొయ్యి కట్టేసి ఉన్న వేళ, వీపుకి ఆనుడున్న కుర్చీలో కూర్చోండి, లేదా మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోండి. ఎదురుగా గోడ మీద ఒక చుక్కని చూస్తూ, కళ్ళు బరువెక్కాక మూసుకోండి. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె చొప్పున ఇరవై నుంచి కిందికి లెక్కపెట్టండి. ఆ తర్వాత, మీ యాసలోనే, నెమ్మదిగా, ఇలాంటిది:

‘ఫ్రేము మీద గుడ్డ బిగించి ఉంది. వేలితో కొడితే డప్పులా మోగేంత బిగువు. పని అయిపోయింది. ఇక బిగువుతో పని లేదు. ఎడమ పక్క మొదటి దారం పట్టుకున్నా. ముడి విప్పుతున్నా. ఊపిరి వదిలేటప్పుడు అది జారిపోయింది. ఆ మూల గుడ్డ కాస్త కిందికి దిగింది. రెండో దారం. తొందరేం లేదు...’

అలా నాలుగువైపులా ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్ళండి. ఏ దారం విప్పితే నడుములో ఏ చోటు వదులవుతోందో గమనించండి. ఏమీ అవ్వకపోయినా ఫర్వాలేదు, తరవాతి దారానికి వెళ్ళండి. గుడ్డ మొత్తం వదులై ఫ్రేము మీద వాలిపోయాక, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ సూది పట్టుకున్నట్టు కలపండి. ‘ఇలా వేళ్ళు కలిపినప్పుడల్లా ఒక దారం వదులవుతుంది’ అని చెప్పుకోండి. తర్వాత ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి కళ్ళు తెరవండి. అంతా కలిపి పదిహేను నిమిషాలు. రెండు మూడు వారాలు రోజూ చేస్తే, ఆ వేళ్ళ గుర్తు వంటింట్లో అక్కరకొస్తుంది. కూర తాలింపు పెట్టబోయే ముందు గట్టుకి ఆనుకుని, వేళ్ళు కలిపి, మూడు ఊపిర్లు. కళ్ళు మూసుకునే అభ్యాసం మాత్రం పొయ్యి వెలుగుతున్నప్పుడూ బండి మీదున్నప్పుడూ వద్దు.

మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. నరాల నొప్పికిచ్చే ప్రీగబాలిన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే కొత్త ఇబ్బందులొస్తాయి, తగ్గించాలంటే డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామాలు మానకండి. హిప్నాసిస్ వాటికి తోడే, బదులు కాదు. రెండు గంటలు ఏకబిగిన కూర్చోవద్దు కూడా. నొప్పి తెలియలేదు కదా అని నడుము ఊరుకోదు, ముప్పావు గంటకోసారి ఫోన్లో అలారం పెట్టుకుని లేచి నాలుగడుగులు వేయండి. ఇవి ఏవైనా కనిపిస్తే మాత్రం హిప్నాసిసూ వద్దు, నాకు ఉత్తరమూ వద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి: కాలు బలం తగ్గి ఈడ్చుకుపోవడం, మూత్రం గానీ విరేచనం గానీ పట్టు తప్పడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, నొప్పితో పాటు జ్వరం. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరుకి చూపించడంలో ఆలస్యం చేయకండి.

మీ అబ్బాయికి ఆ ముప్పై వేలు ఉంచుకోమనండి. దాని బదులు పది రూపాయల నోటు పుస్తకం ఒకటి కొనండి. పేజీకి రెండు గడులు గీయండి, మొదటిదాని మీద నొప్పి అని, రెండోదాని మీద బాధ అని రాయండి. రోజూ పడుకునే ముందు సున్నా నుంచి పది లోపు రెండు అంకెలు వేయండి. ఆ రెండూ ఒకటే ఉండాలని లేదు, మొదట్లో వాటిని విడదీయడమే కష్టంగా ఉంటుంది. నాలుగు వారాల తర్వాత నాకు మళ్ళీ రాయండి, ముందు రెండో గడిలో అంకెలు చెప్పండి. సాధారణంగా అవే ముందు కదులుతాయి.